మంగళవారం అంకె

టీ పెట్టకు. టీ తాగడానికి రాలేదు నేను. ఆ స్టవ్ కట్టేసి ఇలా వచ్చి కూర్చో.

గుమ్మం పట్టుకుని అలా నిలబడతావేంటే, కొట్టడానికి వచ్చాననుకున్నావా? చేతిలోదా? కర్ర కాదులే, దొరగారి గిన్నె. ఉడకబెట్టిన కోడిమాంసం. ఉప్పు లేదు, కారం లేదు. గోరంత గోరంత ముక్కలు కోసి, డాక్టరిచ్చిన పొడి చల్లి, పొద్దున్నుంచి మూడుసార్లు వెచ్చబెట్టి ముందు పెట్టా. మూడుసార్లూ వాసన చూశాడు, మూతి తిప్పుకున్నాడు, వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నాడు. పేరుకి పిల్లే గానీ పంతం మాత్రం అచ్చం మన అత్తగారిదే.

నవ్వకు. నవ్వే సంగతి కాదు. పిల్లి రెండు రోజులు తిండి మానేస్తే లివరు పాడైపోతుందట. నిన్న ఏదో ఎంగిలి పడ్డాడు, ఇవాళ అదీ లేదు. తినకపోతే ఇన్సులిన్ వెయ్యకూడదు. ఇన్సులిన్ వెయ్యకపోతే షుగర్ ఆగదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏడింటికి సూది వెయ్యాలి, ఇప్పుడు నాలుగు దాటింది. ఈలోపు వాడి కడుపులో ఏదో ఒకటి పడాలి.

అందుకే వచ్చా. పదిహేడు మెట్లు. మధ్యలో రెండుసార్లు ఆగి దిగిపోదామనుకున్నా.

తీసుకుంటావులే గిన్నె, ఆగు. ముందు నన్ను మాట్లాడనీ. ఇప్పుడు కక్కకపోతే మళ్ళీ కక్కలేను.

నువ్వీ ఇంటికి కోడలిగా వచ్చి ఆరేళ్ళు. వాడు వచ్చి తొమ్మిదేళ్ళు. ఈ లెక్క ఎవరికీ గుర్తుండదు, నాకుంటుంది. వాన పడుతుంటే వచ్చి నా కుట్టుమెషిన్ కింద గుడ్డముక్కల బుట్టలో దూరాడు, అరచేతిలో పట్టేవాడు. దూదితో పాలు పట్టా. నెల తిరిగేసరికి ఇల్లంతా తనదే అన్నట్టు నడుస్తుంటే మీ బావగారే దొర అని పేరు పెట్టారు.

మరి నువ్వు వచ్చిన రోజు ఏం చేశాడు? ఇంటినిండా చుట్టాలు. మూడేళ్ళుగా నా ఒళ్ళో తప్ప ఇంకెవరి ఒళ్ళో కూర్చోనివాడు, తిన్నగా వెళ్ళి కొత్త పెళ్ళికూతురి ఒళ్ళో ముడుచుకు పడుకున్నాడు. అందరూ మురిసిపోయారు. చూశారా, పిల్లిక్కూడా నచ్చేసింది చిన్నకోడలు, అని అత్తయ్య అంది. నేనూ నవ్వాను. అందరికీ కాఫీలు ఇస్తూ నవ్వాను.

ఆ రోజు నుంచీ అంతేగా. ఏమీ చెయ్యకుండానే అందరూ నీ దగ్గరికి వస్తారు. అది నీ తప్పు కాదు, తెలుసు నాకు. తప్పు కాదని తెలిస్తే కడుపు మండడం ఆగిపోతుందా ఏంటి?

ఇప్పుడు చెప్పు, వాడికి ఒంట్లో బాగోలేదని ముందు కనిపెట్టిందెవరు? నేను. బకెట్లో తలపెట్టి గడగడా నీళ్ళు తాగుతుంటే ఎండలనుకున్నారు మీరంతా. ఇసుక తొట్టె పూటకోసారి మార్చాల్సి వస్తోందని నాకే తెలుసు. తినేది తింటున్నాడు, వెన్నెముక చేతికి తగులుతోంది. నేను బట్ట కొలిచేదాన్ని, ఒక అంగుళం తగ్గితే నా కళ్ళకి తెలీదా?

పిల్లికి షుగరేంటి వదినా అని మరిది నవ్వాడు. ఆస్పత్రిలో షుగర్ మిషన్ నాలుగువందల పన్నెండు చూపించింది. నవ్వు ఆగిపోయింది.

డాక్టరు ముందు ఆస్పత్రిలోనే వారం ఉంచమన్నాడు. అంత ఖర్చు మా వల్ల కాదండీ, ఇంట్లో చేసుకునే దారి చెప్పండి అన్నా. సిగ్గుపడలేదు. ఆయన మంచాయన, విసుక్కోలేదు. పక్కనున్న నర్సమ్మని పిలిచి, ఈవిడకి నేర్పించు అన్నాడు.

ముప్ఫై ఏళ్ళుగా సూదితో బతుకుతున్నదాన్ని. ఎంత పల్చటి గుడ్డైనా చెయ్యి తడబడదు నాది. ఆ సన్నటి సూది మాత్రం రెండుసార్లు తీసి రెండుసార్లూ కింద పెట్టేశా. నర్సమ్మ అంది, అమ్మా, మెడ దగ్గర తోలు కుచ్చు పట్టండి, కుచ్చు మధ్యలో గుచ్చండి అని. కుచ్చు అనే మాట వినగానే మళ్ళీ తీసుకుని గుచ్చేశా. అది నాకొచ్చిన పనేగా.

షుగర్ చూసే మిషన్ కొన్నాననుకున్నావా? అత్తయ్యది. బీరువాలో ఆవిడ కళ్ళజోడు పక్కనే ఉంది. స్ట్రిప్పులు మాత్రం కొత్తవి కొన్నా. మనుషుల మిషన్ పిల్లికి కాస్త తక్కువ చూపిస్తుందట, అయినా ఎక్కుతోందో దిగుతోందో తెలుస్తుంది, చాలు అన్నాడు డాక్టరు. సిరంజిలు మాత్రం చవకలో వచ్చాయని ఏవి పడితే అవి కొనకండి, ఇన్సులిన్ సీసా మీద ఏ అంకె ఉందో సిరంజి మీదా అదే ఉండాలి అన్నాడు. ఖరీదైన డబ్బా తిండి బదులు ఈ మాంసం, పొడి. అలా ఒక్కోటీ చూసుకుని, ఇల్లు గుల్లవకుండా నెట్టుకొస్తున్నా.

పొద్దున ఏడు, సాయంత్రం ఏడు. రెండు నెలలు. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ చెవికి ఆనించి, చెవి అంచున గుచ్చి, చుక్క తీసి, అంకె పుస్తకంలో రాసి, గిన్నె పెట్టి, తిన్నాక సూది. మా అక్క మనవరాలి పుట్టినరోజుకి పోలేదు. రాత్రి భోజనాలకి ఎవరు పిలిచినా ఏడు దాటాకే వస్తానన్నా. ఒక పిల్లి కోసమా అన్నారు. అవును, పిల్లి కోసమే.

దానికి నాకు దక్కిందేంటి? ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, మంచం కిందకి పరుగు. తొమ్మిదేళ్ళు నా కాళ్ళ దగ్గర పడుకున్నవాడు నా అడుగుల చప్పుడికి చెవులు వెనక్కి పెడుతున్నాడు. కిందంతా సూది, మందు, చప్పిడి మాంసం. పైన నువ్వు.

ఆ, నువ్వు. ఇప్పుడొస్తున్నా నీ దగ్గరికి.

సూది వేస్తున్నా అంకె దిగట్లేదు. ఒక యూనిట్‌తో మొదలెట్టాం. రెండు చేశాడు డాక్టరు. మూడు చేశాడు. సాయంత్రం చూస్తే మూడువందల ఇరవై, మూడువందల నలభై. ఆయన అడిగాడు, బయట ఎక్కడైనా తింటున్నాడేమో చూడండమ్మా అని. నాకెంత రోషమొచ్చిందో. మా దొర నా చేతి ముద్ద తప్ప ఇంకోటి ముట్టడండీ అన్నా. ఆస్పత్రిలో అందరూ వినేలా అన్నా.

తర్వాత ఒకరోజు పుస్తకం ముందేసుకుని కూర్చున్నా. అన్ని సాయంత్రాలూ మూడువందల పైనే. ఒక్క మంగళవారం నూట ఎనభై. వెనక్కి తిప్పా. ఆ ముందు మంగళవారం నూట తొంభై. దాని ముందుదీ అంతే.

మంగళవారం ఎవరికి సెలవే? మీ బేకరీకి కాదూ?

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఈ అంకెలు నేను ముందే చూశా. అత్తయ్యవి. ఆవిడ మాత్రలన్నీ నేనే వేసేదాన్ని, నోరు తెరవనంటే బతిమాలి, బెదిరించి, చేదు మింగించి. నువ్వేమో బేకరీ నుంచి వచ్చి చాటుగా బన్ను ముక్క చేతిలో పెట్టేదానివి. నాకు తెలీదనుకున్నావు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే ఉండేది మీ అత్తాకోడళ్ళ వ్యవహారం. చివరి వారంలో ఆవిడ కళ్ళు తెరిచినప్పుడల్లా ఎవరిని అడిగింది? చిన్నది వచ్చిందా, అని. గిన్నె పట్టుకుని పక్కనే ఉన్నా నేను. ఇంకా రాలేదత్తయ్యా, వస్తుంది, అని నేనే చెప్పేదాన్ని.

పోనీలే. పోయినావిడ గురించి ఇప్పుడెందుకు.

బుధవారం నువ్వొచ్చే వేళకి మెట్ల మలుపులో నిలబడ్డా. దొంగలా, నా ఇంట్లో నేనే. నీ తలుపు ఓరగా ఉంది. నువ్వు కింద కూర్చున్నావు, చెప్పులు కూడా విప్పలేదు. వాడు నీ ఒళ్ళో. సాసర్‌లో పాలు, పాలలో క్రీము బన్ను. వాడు తింటున్నాడు, తింటూ గుర్రుమంటున్నాడు. మెట్ల దాకా వినపడింది. రెండు నెలలయింది నేనా చప్పుడు విని.

అక్కడే నీ చెయ్యి పట్టుకుని చెప్పాల్సింది. చెప్పలేదు. వాడికి షుగరని నీకు తెలుసు గానీ, ఓ చిన్న ముక్కే కదా అనుకున్నావు. ఒక్క మాట చెబితే ఆపేసేదానివి, అదీ నాకు తెలుసు. కానీ నువ్వు ఆపేస్తే నీ మంచితనం వల్ల ఆగినట్టవుతుంది. నాకది అక్కర్లేదు. వాడంతట వాడు నా దగ్గరికి రావాలి.

గురువారం పొద్దున్న నైలాను తెర కత్తిరించి, వాడు పైకొచ్చే కిటికీ చెక్కకి మేకులు కొట్టి, అంచులు దట్టంగా కుట్టేశా. నువ్వడిగితే దొరకి జలుబు, బయట తిప్పొద్దన్నాడు డాక్టరు అన్నా. ఏ డాక్టరూ అనలేదు.

ఏడవకు, ఇంకా అసలు సంగతికి రాలేదు.

శుక్రవారం సాయంత్రం అంకె ఎంతో తెలుసా? నూట పన్నెండు. నా గుండె ఎంత పొంగిందో. చూశావా, వారం తిరక్కుండా, నా చేతి తిండి మాత్రమే తింటే ఎలా దిగిందో, అని గోడలకి చెప్పుకున్నా. పుస్తకంలో నూట పన్నెండు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టా.

ఆ పుస్తకం మొదటి పేజీలోనే ఉంది, నా చేతిరాతే. నూట యాభైకి తక్కువుంటే సూది వెయ్యొద్దు, ఫోన్ చెయ్యండి. దాని కిందే, తిండి మారితే వెంటనే చెప్పండి. రెండూ ఆయన చెబితే నేను రాసుకున్నవే.

ఫోన్ చెయ్యలేదు. చేస్తే తిండి ఏమన్నా మారిందా అంటాడు. ఏం చెప్పను? అవునండీ, ఇన్నాళ్ళూ మా తోడికోడలి దగ్గర తింటున్నాడు, నా దగ్గర కాదు, అని చెప్పనా? మూడు యూనిట్లూ వేసేశా. శనివారం పొద్దున చెవి గుచ్చను కూడా గుచ్చలేదు. నిన్ననేగా చూశాం, ఒక స్ట్రిప్ మిగుల్తుంది అనుకున్నా. మళ్ళీ మూడు యూనిట్లు.

అర్థమైందా నీకు? ఆ మూడు యూనిట్లూ నీ బన్నుకి కట్టిన లెక్క. బన్ను తింటున్నవాడికి సరిపోయే మందు, బన్ను మానేసినవాడికి వేశా. బన్ను మాన్పించింది నేనే, మందు తగ్గించనిదీ నేనే.

నాలుగింటికి మెషిన్ దగ్గరున్నా. వాడు తాగినవాడిలా తూలుకుంటూ వచ్చి పెడలుకి గుద్దుకున్నాడు. పిలిస్తే చూడలేదు, కళ్ళు ఇంతింతలు. కాళ్ళు చాపేసి కొట్టుకోవడం మొదలెట్టాడు. చెవి గుచ్చితే నలభై ఒకటి. తేనె వేలికి రాసి చిగుళ్ళకి పూశా, పూస్తూనే ఉన్నా. అప్పుడే నువ్వు సంచీ చేత్తో పట్టుకుని లోపలికి పరిగెత్తుకొచ్చావు.

నేనేమన్నాను నిన్ను?

అందరూ ఉన్నారు. మీ బావగారు, మరిది, బట్టలివ్వడానికొచ్చిన టీచరమ్మ. నీ బన్నులే వీణ్ణి చంపుతున్నాయి, అన్నా. అత్తయ్యనీ అలాగే చేశావు, ఇప్పుడు వీణ్ణి, అన్నా. నీ చేతిలోంచి సంచీ కింద పడిపోయింది. మొహం తెల్లగా పాలిపోయింది నీకు. అక్కా, నాకు తెలీదక్కా, అన్నావు. నీ వైపు కూడా చూడకుండా దొరని బుట్టలో పెట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తా.

బతికాడు. రెండు పూటలు సెలైన్ పెట్టారు. సూది రెండు రోజులు ఆపి, మంగళవారం సాయంత్రం నుంచి మళ్ళీ ఒక్క యూనిట్‌తో మొదలెడదాం అన్నాడు డాక్టరు. అంటే ఇవాళే. ఉన్నట్టుండి ఇంత ఎందుకు పడిపోయింది, ఏం మారిందమ్మా అని మళ్ళీ అడిగాడు. ఏమీ మారలేదండీ, అన్నా. వాడు అక్కడ బల్ల మీద కాలికి సెలైన్ గొట్టంతో పడుకుని ఉంటే, వాడి ముందే అన్నా.

మూడు రోజులుగా నువ్వు మెట్లు దిగలేదు. సరిగ్గా తినట్లేదట. వాడిని నేనే చంపబోయాను అంటూ కూర్చుంటోంది వదినా, కాస్త చెప్పు, అని మరిది నిన్న బతిమాలాడు. పోతుందిలే అదే, అన్నా.

కాదే. నీ బన్ను వల్ల వాడి షుగర్ దిగలేదు, అది నిజం. కానీ వాడు కింద పడి కొట్టుకున్నది నీ బన్ను వల్ల కాదు. నా వల్ల.

అత్తయ్యదీ నీ వల్ల కాదు. ఆవిడ గుండె ఆగిపోయి పోయింది. ఆ ముక్క కూడా నోటికొచ్చింది కదా అని అనేశా. దానికి క్షమాపణ ఎలా చెప్పాలో నాకు రాదు.

డాక్టరుకి ఇందాకే ఫోన్ చేశా. అన్నీ చెప్పా, కిటికీ, నూట పన్నెండు, మానేసిన స్ట్రిప్, అన్నీ. తిట్టలేదాయన. తిడితే బావుండేది. అయితే ఆవిడ చేత్తో తింటాడన్నమాట, మరి ఆవిడనే పెట్టమనండి, బన్ను కాదు, మాంసం, అన్నాడు. అంత తేలిక. రెండు నెలల కిందే నిన్ను పిలిచి ఈ గిన్నె చేతిలో పెట్టి ఉంటే...

ఆగు. కదలకు. నీ వెనక చూడు.

వచ్చేశాడు. పైకి వచ్చే ముందు కత్తెర మొనతో తెర కుట్లు విప్పేసి వచ్చాలే. అంత దట్టంగా కుట్టినవి విప్పడానికి అరగంట పట్టింది. చూడు ఎలా నడుస్తున్నాడో, ఎముకలు లెక్కపెట్టొచ్చు. నన్ను చూసి ఆగాడు చూశావా? నేను వెనక్కి జరుగుతా. గోడ దగ్గర కూర్చుంటా. నువ్వు కింద కూర్చో, ఎప్పుడూ కూర్చున్నట్టు.

గిన్నె కాదు, వేళ్ళతో పెట్టు. ఆ పెద్ద ముక్క కాదు, చిన్నది.

నాకుతున్నాడు.

తిన్నాడు. ఇంకోటి పెట్టు. తొందరపెట్టకు, వాడే అడుగుతాడు. అదిగో. మూడోది. ఉప్పూ కారం లేని మాంసమేగా, పొద్దున్నుంచి నేను పెట్టిందేగా. నీ వేళ్ళకి ఏముందే? బన్ను వాసన ఉందేమో. నాకు మెషిన్ నూనె వాసన.

నాకేం ఏడుపు రాలేదు. ఏడుపు కాదిది.

సరే విను, వాడు తింటుండగానే చెప్పేస్తా, నీ కళ్ళు వాడి మీదున్నప్పుడే. శనివారం నేను ఆ మాట అన్నప్పుడు నీ సంచీ కింద పడి, అందరూ నీ వైపు తిరిగారు కదా. మీ బావగారు కూడా నీ వైపు అదోలా చూశారు. ఈ ఇంట్లో నిన్నెవరైనా అలా చూడటం ఆరేళ్ళలో అదే మొదలు. దొర నా చేతుల్లో కొట్టుకుంటున్నాడు. బతుకుతాడో లేదో తెలీదు. అలాంటప్పుడు కూడా, ఒక్క క్షణం, నాకు హాయిగా అనిపించింది.

అదీ నేను. ఇప్పుడు నీకు తెలుసు. మీ ఆయనకి చెప్పుకుంటావో, ఊరందరికీ చెప్పుకుంటావో నీ ఇష్టం.

చెయ్యి వదులు, పిచ్చిదానా. తినేవాడు తింటున్నాడుగా, వాడిని చూసుకో.

గిన్నె ఖాళీ అయ్యాక పాలు పట్టకు, నీళ్ళు పెట్టు. ఏడింటికి ముందు కిందికి పంపొద్దు. నేనే వస్తా, మిషనూ సిరంజీ పట్టుకుని. అంకె చూస్తాం. సరిగ్గా ఉంటే నువ్వు ఒళ్ళో పెట్టుకుని తల నిమురుతూ ఉండు, నేను వెనక కుచ్చు పట్టి వేస్తా. వాడు నా మొహం చూడకపోతే మంచిది. రోజూ అంతే, రెండు పూటలా. పొద్దున నువ్వు బేకరీకి వెళ్ళేలోపు అయిపోతుంది.

వెళ్తున్నా. టీచరమ్మ బట్టలు శనివారం నుంచీ అలాగే పడున్నాయి.

విన్నావా? మొదలెట్టాడు గుర్రుమనడం. నేను మెట్లు దిగేటప్పుడు తలుపు పూర్తిగా వేసుకోకు. కాస్త ఓరగా ఉంచు.